తొమ్మిదో గడిలో ఏమీ జరగలేదు

వారానికి రెండు రోజులు మాత్రమే దేశాన్ని కాపాడే దళం ఒకటి ఎర్రమెట్టపాలెంలో ఉండేది. నౌకాదళ రిజర్వు సముద్ర గస్తీ విమాన స్క్వాడ్రన్ అని దాని పూర్తి పేరు. అంత పేరు పలికే ఓపిక లేక ఊళ్లోవాళ్లు శనాదివారాల విమానం అనేవారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అందులోని వాళ్లంతా ఎవరి ఉద్యోగాలు వాళ్లు చేసుకునేవారు. ఒకాయన బ్యాంకులో కూర్చునేవాడు, ఒకాయన ఇన్సూరెన్సు పాలసీలు అంటగట్టేవాడు, ఒకావిడ పళ్లు పీకేది. శనివారం పొద్దున్నే యూనిఫాం తొడుక్కుని సముద్రం మీద ఎగిరేవారు. ఈ ఏర్పాటు శత్రుదేశాలకు తెలుసో లేదో చెప్పలేం గాని, దొంగసరుకు పడవలవాళ్లకు బాగా తెలుసు. వాళ్లు మంగళవారం వచ్చి పని చూసుకుని వెళ్లేవారు.

గవర్రాజు మాస్టారు ఆ దళంలో పరిశీలకుడు. వారమంతా హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి, శనివారం విమానం కిటికీ పక్కన బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చునేవాడు. సముద్రాన్ని మ్యాపు మీద గళ్లుగా గీసి ఒక్కో దళానికి ఒక్కో గడి అప్పగించారు. వీళ్ల వాటాకు ఆరో గడి వచ్చింది. ఆ గడిలో ఏం కనిపిస్తే అది రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆయనకు అందులో నీళ్లు కనిపిస్తున్నాయి. నీళ్లను విశేషంగా పరిగణించవద్దని ఎవరో పాతకాలపు అధికారి నోట్ రాసి ఉండటంవల్ల ప్రతిసారీ 'నిల్' అని రాసేవాడు. ఇంకో నియమం ఏమిటంటే గడి గీత దాటకూడదు, గీత అవతలది చూడకూడదు. తొమ్మిదో గడిలో ఏనుగు ఈదుతున్నా సరే, ఆరో గడి వాళ్లు మర్యాదగా మొహం తిప్పుకోవాలి.

ఇలా సుఖంగా సాగుతుండగా స్క్వాడ్రన్‌కు యాభై ఏళ్లు నిండబోతున్నాయని పైవాళ్లకు గుర్తొచ్చింది. ఒక సర్క్యులర్ దిగింది. "ప్రతి స్క్వాడ్రను తన చరిత్రను సంకలనము చేసి స్వర్ణోత్సవమునాటికి ముద్రింపవలెను. చరిత్ర లేని స్క్వాడ్రనులు గతమున ఉండియుండలేదని భావింపబడును. గతమున ఉండనివి ఇకపైన కూడ అక్కరలేదని భావింపబడును." సర్క్యులర్ వెనకాలే చరిత్రాధికారి కమాండర్ త్రిలోచనరావు, ఆయన వెనకాల రెండు ఇనప్పెట్టెలు, ఒక రబ్బరు స్టాంపుల డబ్బా దిగాయి. స్క్వాడ్రన్‌లో పెద్ద అధికారి కుర్చీ ఆరేళ్లుగా ఖాళీగా ఉంది. ఎలాగూ వచ్చారు గదా అని ఆ బాధ్యత కూడా ఆయనకే అంటించారు.

"సాంఘికశాస్త్రోపాధ్యాయులు గదా, మీరు నాకు సహాయ సంకలనకర్తగా వ్యవహరింపుడు," అన్నాడు త్రిలోచనరావు మొదటిరోజే. "రిజిస్టరులో ఉన్నది చరిత్ర. లేనిది వదంతి. ఈ తేడా తెలిసిన చాలును."

గవర్రాజుకు ఆ మాట చివరి సగం వినబడలేదు. ఆయన గుండెలో ముప్ఫై ఒక్కేళ్లుగా ఒక సంగతి బరువుగా ఉండిపోయింది. ఇన్నాళ్లకు దాన్ని దింపుకునే చోటు దొరికిందని పొంగిపోయాడు.

ఆ సంగతి ఇది. పెద్ద తుపాను వచ్చిన ఏడు గవర్రాజు కొత్తగా చేరాడు. ఇంకా ప్రొబేషనే. అప్పటి పైలట్ సత్యానందం వారమంతా చక్కెర ఫ్యాక్టరీలో ఇంజినీరు. తుపాను వెలిసిన మర్నాడు ఆరో గడి చూసుకుని వెనక్కి తిరుగుతుండగా, గీతకు అవతల నీళ్లమీద ఏదో నల్లగా గవర్రాజు కంటపడింది.

"సార్, అక్కడేదో ఉన్నట్టుందండి," అన్నాడు.

"అది మన గడి కాదు గదా మాస్టారూ."

"కాదండి. తొమ్మిదో గడండి."

"అయితే దగ్గరికెళ్లి మనది కాదని రూఢి చేసుకొద్దాం," అని సత్యానందం విమానం తిప్పాడు.

బోర్లాపడిన పడవ అది. దాన్ని కరుచుకుని ఏడుగురు మనుషులున్నారు. సత్యానందం నీళ్లకు తాటిచెట్టెత్తున విమానం దించితే, గవర్రాజు తలుపు తీసి రబ్బరు పడవను కిందికి తోశాడు. వైర్‌లెస్‌లో ఏదో దేశపు సరుకు ఓడను పిలిచి, అది వచ్చి ఏడుగురినీ ఎక్కించుకునేదాకా రెండు గంటలసేపు వాళ్ల నెత్తిమీదే తిరిగారు. నేలమీదికి దిగాక సత్యానందం రిజిస్టరు తనే లాక్కుని 'నిల్' అని రాశాడు. స్టోర్సు రిజిస్టర్లో రబ్బరు పడవకు ఎదురుగా 'ఎలుకలు కొరికివేసినందున పనికిరాదు' అని రాశాడు. ఇదేంటండీ ఇలా రాశారని గవర్రాజు లబలబలాడితే, "ఆకలేస్తోంది మాస్టారూ, ఇళ్లకు పోదాం," అన్నాడు.

ఎందుకలా రాశాడో గవర్రాజుకు అర్థం కాలేదు. పెద్దమనసు అనుకున్నాడు కొన్నాళ్లు. భయం అయి ఉంటుందని కూడా అనుకున్నాడు, అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. నాలుగేళ్ల క్రితం సత్యానందం పోతే పేపర్లో రెండు లైన్లు వేశారు, అందులో కూడా చక్కెర ఫ్యాక్టరీ ఇంజినీరని వేశారు గాని ఈ దళం ఊసే లేదు. స్వర్ణోత్సవానికి ఆయన భార్య రూతమ్మగారిని ముందువరసలో కూర్చోబెడుతున్నారు. ఆవిడ ఆ పుస్తకం తెరిచేసరికి అందులో తన భర్త చేసిన పని ఉండాలి. ఒక్క పేరా. గవర్రాజు కోరింది అంతే.

త్రిలోచనరావు ముందుగా లెక్క తేల్చాడు. యాభై ఏళ్లలో స్క్వాడ్రన్ మొత్తం నాలుగువేల తొమ్మిదివందల పన్నెండుసార్లు ఎగిరింది. ఆ అంకెను మొదటి పేజీలో అందంగా రాసుకుని, కింద గీత గీసుకుని, తృప్తిగా కాఫీ తాగాడు. మర్నాడు శనివారం. విమానం ఎగిరింది. అంకె పదమూడైంది. కొట్టేసి మళ్లీ రాశాడు. ఆదివారం మళ్లీ ఎగిరింది. సోమవారం అందర్నీ సెలవు పెట్టించి పిలిపించాడు.

"మీరిట్లు జరుగుచు పోయినచో నేను రాయుట ఎట్లు?" అన్నాడు. గొంతులో నిజమైన బాధ ఉంది. "చరిత్ర అనగా జరిగిపోయినది. జరుగుచున్నది చరిత్రకు అడ్డంకి. కావున సంకలనము ముగియు వరకు చారిత్రక స్వభావము గల ఎట్టి కార్యకలాపములును జరుపరాదు."

"అంటే ఎగరొద్దంటారా సార్?" అంది లెఫ్టినెంట్ హైమవతి. పళ్లు పీకే ఆవిడ ఈవిడే, స్క్వాడ్రన్‌కు మిగిలిన ఒకే ఒక్క పైలట్.

"ఎగురుడు. కాని అది చరిత్ర కారాదు."

"మరి సముద్రం సంగతి?"

"సముద్రము ఎక్కడికిని పోదు," అన్నాడు త్రిలోచనరావు. శని, ఆది రెండు ప్రయాణాలనూ రద్దుచేస్తూ ఆర్డరు తీసి, అంకెను మళ్లీ పన్నెండుకు దింపాడు. రద్దయిన శనివారం నాడు తను చూసిన సముద్రాన్ని ఏం చెయ్యాలో గవర్రాజుకు ఎవరూ చెప్పలేదు.

కాని గస్తీ ఆపేస్తే సర్వీసులో విరామం వస్తుంది, విరామం వస్తే రిజర్వు వాళ్ల కమిషన్, అంటే అధికారి హోదా, పోతుంది. దానికీ దారి దొరికింది. శనివారం శనివారం సిబ్బంది హ్యాంగర్లోనే విమానం ఎక్కి, నాలుగు గంటలు బెల్టులు పెట్టుకుని కూర్చుని దిగేవారు. విమానాన్ని అందరూ ముద్దుగా ముసలమ్మ అనేవారు. ముసలమ్మ కిటికీలోంచి గవర్రాజు బైనాక్యులర్స్‌తో గోడను పరిశీలించేవాడు. మూడోవారం గోడమీద ఒక బల్లి కనబడింది. రాయాలా వద్దా అని అడిగితే ఫైలు నడిచింది. సదరు బల్లి ఆరో గడి పరిధిలోనిదని ధ్రువీకరించే ఆధారాలు లేనందున 'నిల్' రాయవలసిందని పన్నెండు రోజులకు జవాబొచ్చింది. ఈలోగా బల్లి గోడ మారింది.

రెండో నెలలో ముసలమ్మకే ఎసరొచ్చింది. యాభై ఏళ్ల చరిత్రకు విమానం ప్రత్యక్ష సాక్షి గదా, సాక్షిని తారుమారు చేయకూడదు గదా అని దాని తలుపుకు లక్క సీలు వేశారు. శనివారం సిబ్బంది దాని రెక్క కిందే కుర్చీలు వేసుకుని ఆ నాలుగు గంటలూ కూర్చునేవారు. హైమవతి సీలు విప్పించడానికి అర్జీ, ఇంజను తుడవడానికి అర్జీ, చక్రాల్లో గాలి కొట్టడానికి అర్జీ పెట్టుకుంటూ వచ్చింది. గాలి విషయంలో మాత్రం త్రిలోచనరావు రెండు రోజులు ఆలోచించాడు. పాత గాలి తీసివేయకుండా కొత్త గాలి చేర్చినట్టయితే అభ్యంతరం లేదన్నాడు.

అటు సముద్రం మీద దొంగసరుకు పడవలవాళ్లు మంగళవారం నియమం సడలించి, వీలు చిక్కిన రోజల్లా రావడం మొదలుపెట్టారు. జాలరిపేట వాళ్లు మాత్రం తలెత్తి చూసుకుంటూ దిగాలుపడ్డారు. పక్కపేటలో చుట్టాలింటికి పోయినప్పుడు కూడా వాళ్లు శనివారం టైము విమానం చప్పుడుని బట్టి చెప్పేవారు. ఆ చప్పుడు లేకపోతే వాళ్లకు నడిసముద్రంలో తోడు లేనట్టుండేది.

పుస్తకం మాత్రం బలంగా పెరిగింది. 'నిల్ తొలిదశ', 'నిల్ స్వర్ణయుగము', 'నిల్ భావన: ఒక సమగ్ర పరామర్శ' అని అధ్యాయాలు లేచాయి. గవర్రాజు అదను చూసుకుని ఒకరోజు తన పేరా రాసి తీసుకెళ్లాడు. త్రిలోచనరావు కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"వదంతి," అన్నాడు.

"నేను కళ్లారా చూశానండి."

"మీ కన్నులు ఆ దినము 'నిల్' అని ధ్రువీకరించినవి. ఇప్పుడు మాట మార్చుట ఆ కన్నులకు తగదు."

"ఆ సరుకు ఓడవాళ్ల పుస్తకంలో ఉంటుంది సార్. రాసి తెప్పిద్దాం."

"అన్యదేశపు పుస్తకమందున్నది అన్యదేశపు చరిత్ర. వారి చరిత్రను మనము వాడుకొనుట మర్యాద కాదు."

గవర్రాజు ఊరుకోలేదు. మర్నాడు జాలరిపేట నుంచి సూరాడ పోలయ్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆనాటి ఏడుగురిలో బతికున్న నలుగురిలో పోలయ్య ఒకడు. అరవై దాటినా మనిషి గట్టిగా ఉన్నాడు. చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు.

"ఆయాల మాం సచ్చిపోనామనే అనుకున్నాం బావూ. పొద్దెక్కినాక ఇమానం వొచ్చినాది. దొరబాబు కిందకొంటా దిగిపోయి సెయ్యూపినారు. ఈ మేస్టారే తెప్ప ఇసిరినారు. లేకపోతే నానీయాల నీ ముందర ఇలగ నిలబడుదునేటి?"

త్రిలోచనరావు ఓపిగ్గా విన్నాడు. ఆ తేదీ రిజిస్టరు తెరిపించి, ఆ పేజీని పోలయ్య వైపు తిప్పాడు. పోలయ్యకు చదువు రాదు కాబట్టి వేలు పెట్టి చూపించాడు.

"ఇందు ఏమున్నదనగా, ఆ దినమున ఎవరును కనబడలేదు. అనగా తమరు కనబడలేదు. కనబడని వ్యక్తి సాక్ష్యము ఇచ్చుటకు నియమములు ఒప్పవు."

"నాను అవుపడతన్ననా లేదా బావూ?" అన్నాడు పోలయ్య గవర్రాజు వైపు తిరిగి, నిజంగానే కంగారుపడుతూ.

"ఇప్పుడు కనబడుచున్నారు. అప్పుడు లేరు," అన్నాడు త్రిలోచనరావు. అంతటితో ఆగినా బావుండేది. పేజీలు తిప్పుతూ తిప్పుతూ స్టోర్సు రిజిస్టరు దగ్గర ఆయన కళ్లు మెరిశాయి. యాభై ఏళ్ల నిల్లుల మధ్య ఆయనకు మొట్టమొదటిసారిగా ఒక సంఘటన దొరికింది. పట్టుమని పది రోజుల్లో 'మూషిక సమస్య: సత్యానందం హయాము' అనే కొత్త అధ్యాయం తయారైంది. సదరు అధికారి పర్యవేక్షణాలోపం వల్ల ఏడుగురు పట్టే రబ్బరు పడవను ఎలుకలు కొరికివేసినవనీ, దరిమిలా స్క్వాడ్రన్ గుణపాఠం నేర్చుకుని మూషిక నిర్మూలనలో అగ్రగామి అయినదనీ ఆ అధ్యాయం సారాంశం. గవర్రాజు ఎంతో ఆశపడి ఎత్తిచూపిన తేదీ చివరికి సత్యానందానికి ఈ కీర్తి తెచ్చిపెట్టింది. ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని కలుపుకోకుండానే లేచిపోయాడు. నోరు మూసుకుని ఉంటే ఆయన పేరన్నా శుభ్రంగా మిగిలేదని తన్ను తాను తిట్టుకున్నాడు.

మూడువేల ప్రతులు అచ్చయ్యాయి. ఆదివారం పదకొండుంబావుకు ఆవిష్కరణ. శనివారం రిహార్సలు. వేదిక ముందునుంచి ముసలమ్మ నేలమీద దర్జాగా దొర్లుకుంటూ పోవాలి. అందుకోసం సీలు తీశారు, ట్యాంకు నింపారు. వెనక సీట్లో ఒక కొత్త రబ్బరు పడవను పెట్టి 'ఎలుకలకు లొంగనిది' అని దానికి చీటీ కట్టారు.

"ఎంతదూరం దొర్లొచ్చు సార్?" అని హైమవతి ముందుజాగ్రత్తగా అడిగింది.

"నేలమీద ఎంత దూరమైనను. అది ప్రయాణము క్రిందికి రాదు."

సరిగ్గా అప్పుడు పోలయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. "మేస్టారూ! మావోడి బోటు గురువారం ఎల్లినాది, మరి రాలేదు. మిషను సెడిపోనాదని నిన్న పొద్దున పోను సేసినాడు. తరవాత పోను కూడా నేదు. తొమ్మండుగురున్నారు బావూ. నీరు తీసకపోతంది తూరుపుకి!"

గవర్రాజు త్రిలోచనరావు వైపు చూశాడు. త్రిలోచనరావు గడియారం వైపు చూశాడు.

"విచారకరము. కాని నేడు ఎగిరినచో అంకె పదమూడగును. మూడువేల ప్రతులలో పన్నెండని ఉన్నది. ఆవిష్కరణ రేపు పదకొండుంబావుకు. పదకొండు పదహారు తరువాత తప్పిపోయినచో మాకు ఎట్టి అభ్యంతరమును లేదు."

"ఆల్రెడీ తప్పిపోయారు సార్!" అంది హైమవతి.

"ఆ భాగము గురించి విచారించి అర్జీ పెట్టుకొనవలెను."

పోలయ్య నేలమీద కూలబడ్డాడు. గవర్రాజు వంగి అతన్ని లేపబోయాడు. యాభయ్యేడేళ్ల మనిషి, వచ్చే ఏడు ఈ దళంలోంచి కూడా రిటైరవుతాడు, గట్టిగా ఒక్కమాట అనడం ఎరగడు. హైమవతి ఆయన వైపు చూసి, "రండి మాస్టారూ, రిహార్సలుకి టైమవుతోంది," అని మెట్లెక్కింది.

ముసలమ్మ వేదిక ముందునుంచి బుద్ధిగా దొర్లింది. త్రిలోచనరావు సెల్యూట్ చేశాడు. వేదిక దాటాక కూడా దొర్లింది. రన్‌వే చివరిదాకా దొర్లి, అక్కడ నేల అయిపోయినందువల్ల గాల్లోకి లేచింది. త్రిలోచనరావు చెయ్యి నుదుటిమీద అలాగే ఉండిపోయింది.

"ఎటు మాస్టారూ?"

గవర్రాజు గాలీ, నీటి వాలూ లెక్కగట్టాడు. పిల్లలకు ముప్ఫై ఏళ్లు చెప్పిన పాఠమే అది. మిషను ఆగిన పడవ ఎటు పోతుందో మ్యాపు మీద వేలు జరుపుకుంటూ పోతే, వేలు గీత దాటింది. "తొమ్మిదో గడమ్మా," అన్నాడు.

గంటన్నరకు పడవ కనబడింది. సగం నీళ్లు నిండి వాలిపోయి ఉంది. తొమ్మండుగురూ చొక్కాలు విప్పి ఊపుతున్నారు. గవర్రాజు లెక్కపెట్టాడు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు. 'ఎలుకలకు లొంగనిది' చీటీతో సహా కిందికి పోయింది. దగ్గర్లో పోతున్న ఒక సరుకు ఓడ వైర్‌లెస్‌లో పలికింది, దిశ మార్చుకుంది. ఓడ పొగ కనబడేదాకా హైమవతి వాళ్ల నెత్తిమీదే ముసలమ్మను తిప్పుతూ ఉంది. పళ్లు బిగబట్టుకుని నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, రెండూ ఆమెకు తెలియడం లేదు.

దిగేసరికి త్రిలోచనరావు ఆఫీసుగదిలో ఒంటరిగా, ముందర అచ్చుపుస్తకాల కట్టలు పెట్టుకుని కూర్చున్నాడు. మొహంలో కోపం లేదు. అంతకంటే పెద్దదేదో ఉంది.

"రెండు మార్గములున్నవి," అన్నాడు. "మొదటిది, మీరు వెళ్లినారు. అట్లయినచో సాక్షిని అపహరించుట, గడి దాటుట, ప్రదర్శనవస్తువును సముద్రమున పారవేయుట, ఈ మూడింటిపై లెఫ్టినెంట్ హైమవతి విచారణ నెదుర్కొనును. ఆమె కమిషన్ రద్దగును. మూడువేల ప్రతులు తప్పగును. తప్పు చరిత్ర చరిత్ర కాదు గనుక స్క్వాడ్రను ఎన్నడును లేనిదగును." కాస్త ఆగాడు. "రెండవది, రిహార్సలు నాలుగు గంటల పది నిమిషములు సాగినది. నేలమీద."

రిజిస్టరు గవర్రాజు ముందుకు జరిపాడు.

"ఉన్నదున్నట్టు రాసేయండి మాస్టారూ," అంది హైమవతి. "విచారణ జరగనీండి. పాత సంగతి కూడా బయటికొస్తుంది. సత్యానందంగారి పేరు నిలబడుతుంది. నాదేముంది, పళ్లు పీక్కుని బతుకుతా." తేలిగ్గా అనాలని చూసింది గాని చేతిలో హెల్మెట్‌ను వదల్లేకపోతోంది. పదో తరగతిలో ఉన్నప్పట్నుంచి ఈ ముసలమ్మ చప్పుడు విని విని పైలట్ అయిన పిల్ల ఆమె. ఆ పదో తరగతిలో ఆమెకు సాంఘికశాస్త్రం చెప్పింది గవర్రాజే.

ముప్ఫై ఒక్కేళ్లుగా కావాలనుకున్న కలం గవర్రాజు చేతిలో ఉంది. రాస్తే రెండు నిజాలూ ఒకేసారి బయటపడతాయి. రూతమ్మగారు రేపు కాకపోతే ఆర్నెల్లకైనా చదువుకుంటారు. ఆయన రాయబోయి, ఎందుకో ఆనాటి రిజిస్టరు ఒకసారి ఇమ్మన్నాడు. ఇన్ని నెలల్లో ఆ పేజీని యాభైసార్లు చూశాడు, ఎప్పుడూ 'నిల్' దగ్గరే చూపు ఆగిపోయేది. ఈసారి కిందికి చూశాడు. పైలట్ సంతకం చోట సత్యానందం సంతకం ఉంది. పరిశీలకుడి సంతకం చోట కూడా సత్యానందం సంతకమే ఉంది.

గీత దాటి చూసింది ఎవరు అని, ఆనాడు విచారణ పెట్టి ఉంటే, మొదట అడిగేవారు. ప్రొబేషన్లో ఉన్న గవర్రాజు అని జవాబు. ఆ మనిషి తన పేరుకు మసి పూసుకుని, కుర్రవాడి పేరు ఆ కాగితం మీద పడకుండా చేసి, ఆకలేస్తోంది ఇళ్లకు పోదామన్నాడు. భయమేమో అని అనుకున్నాను గదా అని గవర్రాజుకు ఏడుపొచ్చింది. త్రిలోచనరావు ఎదుటే ఏడ్చాడు.

కళ్లు తుడుచుకుని, 'నిల్' అని రాశాడు. పైలట్ సంతకం చోట తన సంతకం పెట్టాడు. పరిశీలకుడి చోట కూడా తనదే పెట్టాడు. స్టోర్సు రిజిస్టరు తెరిచి రబ్బరు పడవకు ఎదురుగా 'ఎలుకలు' అని రాశాడు.

"ఎలుకలకు లొంగనిదని చీటీ కట్టితిమే," అన్నాడు త్రిలోచనరావు కంగారుగా.

"ఎలుకలకు చదువు రాదు సార్," అన్నాడు గవర్రాజు. జీవితంలో పైఅధికారితో ఆయన గట్టిగా అన్న మాట అదొక్కటే.

ఆదివారం పదకొండుంబావుకు, పైనుంచి వచ్చిన పెద్ద అధికారి రిబ్బను కత్తిరించాడు. రూతమ్మగారు తెల్లచీర కట్టుకుని ముందువరసలో ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పిలవకపోయినా జాలరిపేట మొత్తం వచ్చి వెనకాల నిలబడింది. తెల్లవారుజామున రేవులో దిగిన తొమ్మండుగురూ మొహాలు ఎండకు కమిలిపోయి ముందున్నారు. త్రిలోచనరావు మైకు సవరించుకుని ఎంపిక చేసిన ఘట్టాలు చదవడం మొదలుపెట్టాడు. నిల్ తొలిదశ అయింది. స్వర్ణయుగం అయింది. ఎవరో ఆవులించారు.

"సత్యానందం గారి హయామున, ఏడుగురు పట్టు రబ్బరు పడవను ఎలుకలు కొరికివేసిన దురదృష్టకర ఘటన..."

గవర్రాజు తల వంచుకున్నాడు. వెనకనుంచి ఒక చప్పట్ల చప్పుడు వచ్చింది. పోలయ్య. పక్కన ఆనాటి మిగతా ముగ్గురు అందుకున్నారు. తొమ్మండుగురు అందుకున్నారు. వాళ్ల పెళ్లాలు, తల్లులు, పేటంతా అందుకుంది. త్రిలోచనరావు తర్వాతి వాక్యం చదవడానికి మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు మూశాడు.

"వీళ్లెందుకు కొడుతున్నారు?" అని పెద్ద అధికారి త్రిలోచనరావును చెవిలో అడిగాడు.

"వలలను కొరుకును గదా. మత్స్యకారులకు ఎలుకలయెడ సహజమైన పగ."

పెద్ద అధికారి ముగ్ధుడయ్యాడు. ప్రజలతో ఇంత గాఢమైన సంబంధం ఉన్న దళాన్ని తానింతవరకు చూడలేదన్నాడు. స్క్వాడ్రన్‌ను కొనసాగిస్తున్నామనీ, మిగతా దళాలు కూడా వెంటనే ఎలుకల విషయంలో చరిత్ర సృష్టించవలసిందనీ అక్కడికక్కడే ప్రకటించాడు.

జనం పలచబడ్డాక గవర్రాజు రూతమ్మగారి దగ్గరికి వెళ్లాడు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. ఆవిడే మొదలుపెట్టింది.

"ఆ రోజు ఆయన చెమటతో తడిసి ముద్దై ఇంటికొచ్చి, మూడుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు గవర్రాజుగారూ. ఏమైందండీ అంటే, ఎలుకలు అని ఒకటే నవ్వు. రాత్రికి సంగతంతా చెప్పేశారు లెండి. అప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరు ఏ మంచిపని చేసొచ్చినా ఎలుకలనే చెప్పుకునేవాళ్లం." పుస్తకంలో ఆ పేజీ తీసి, ఎలుకలన్న అక్షరాల మీద అరచెయ్యి ఆన్చింది. "అచ్చులో చూడ్డం ఇదే మొదలు. చాలా బాగా వేశారు."

గవర్రాజు ఆవిడ పక్క కుర్చీలో కూర్చుండిపోయాడు. రన్‌వే మీద హైమవతి ముసలమ్మ రెక్క కింద నిలబడి చక్రాల్లో గాలి చూసుకుంటోంది.

"నిన్న కూడా ఎలుకలు వచ్చాయటగా?" అంది రూతమ్మగారు మెల్లగా.

"వచ్చాయమ్మా."

"ఎంతమంది?"

"తొమ్మండుగురు."

ఆవిడ వేళ్లమీద ఏడుకు తొమ్మిది కలుపుకుంది. "పదహారు," అని పుస్తకం మూసి, సంచీలో పెట్టుకుంది.